ఎక్కాలా, వద్దా: డన్స్ రివర్ జలపాతం కింద

జలపాతం ఎక్కడానికి వచ్చినవాళ్లం ముందు కిందికి దిగుతున్నాం. జమైకాలో డన్స్ రివర్ దగ్గర వరస ఇదే. బస్సు దింపేది పైన, ఎక్కడం మొదలయ్యేది సముద్రం ఒడ్డున. మధ్యలో చెట్ల నీడన మలుపులు తిరుగుతూ మెట్లదారి. కొమ్మల సందుల్లోంచి నీళ్లు తెల్లగా కనబడతాయి, మాయమవుతాయి, మరో మలుపులో మళ్లీ కనబడతాయి. చప్పుడు మాత్రం ఎక్కడా ఆగదు.

అమ్మ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతోంది. ఆమె ఎడమ మోకాలు దిగేటప్పుడే ఎక్కువ సతాయిస్తుంది. కాళ్లకు రబ్బరు అడుగున్న నీటి బూట్లు. చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది. గాజులూ కమ్మలూ ఓడలో మా గది లాకర్లో పెట్టింది గానీ తాళిబొట్టు తియ్యనంది. దాన్ని చుడీదార్ లోపలికి దోపి పిన్నీసు పెట్టుకుంది. ఆమె వెనకాల నాయన. ఆయన చేతిలో సంచి, సంచిలో తువ్వాళ్లు, మాత్రల డబ్బా, పొద్దున ఓడలో టిఫిన్ దగ్గర అమ్మ మూటకట్టిన బ్రెడ్డు ముక్కలు.

"ఇన్ని మెట్లు దిగేది, మళ్లా ఎక్కేది. దీనికేనా ఇంతదూరం వచ్చింది?" అంటున్నాడు నాయన.

"ఎక్కేది ఈ మెట్లు గాదండీ. ఆ నీళ్లు" అంది అమ్మ, తలెత్తకుండానే.

పిల్లల్ని చూడ్డానికి అమెరికా వచ్చిన అమ్మానాన్నలను ఫ్లోరిడా తీసుకెళ్లి క్రూయిజ్ ఎక్కించడం ఇప్పుడు అక్కడి తెలుగిళ్లల్లో మామూలైపోయింది. ఓడ ఓచో రియోస్ రేవులో ఆగిన రోజు అందరూ కొనుక్కునే విహారం ఈ జలపాతమే. రేవు నుంచి ఇక్కడికి కొద్దిపాటి దూరం. బస్సు రోడ్డుకు ఎడమవైపున నడవడం చూసి నాయన కిటికీకి దగ్గరగా జరిగి కూర్చున్నాడు. అమెరికా వచ్చినప్పటి నుంచీ కుడివైపు బండ్లకు అలవాటుపడలేక అవస్థ పడుతున్నాడు. డ్రైవరు మమ్మల్ని అద్దంలో చూసి ఇండియానా అని అడిగాడు. మన దేశం నుంచి చెరకు తోటల పనికి కూలీలను తెచ్చిన మొదటి ఓడ 1845 మే నెలలో ఈ దీవికి చేరిందని, ఇక్కడివాళ్ల పండగ భోజనాల్లో మేకమాంసం కూర మనవాళ్లు నేర్పిందేనని చెప్పాడు. అమ్మకు మాట మాటకూ అర్థం చెప్పాను. వాళ్లలో మద్రాసు వైపునుంచి వచ్చినవాళ్లు కూడా కొందరున్నారని చెబితే కాసేపు మాట్లాడలేదు. "అంతదూరం ఎట్ల వచ్చినారో పాపం" అంది తర్వాత.

మెట్ల పక్కన పెద్ద పెద్ద చీలికల ఆకులతో ఒక చెట్టు. అమ్మ ఆగింది. "ఇది సీమపనస గదా!" ముందు నడుస్తున్న గైడు వెనక్కి తిరిగి, అవును, బ్రెడ్‌ఫ్రూట్ అన్నాడు. ఆ చెట్టుదీ పెద్ద కథే. తోటల్లో చాకిరీ చేసే బానిసలకు చవకగా తిండి దొరుకుతుందని 1793లో విలియం బ్లై అనే కెప్టెన్ తాహితీ నుంచి మొక్కలను ఓడలో ఇక్కడికి తెచ్చాడు. ఇప్పుడు జమైకావాళ్లకు అది సొంతింటి చెట్టు. అమ్మ ఒక రాలిన ఆకు తీసి మా అమ్మాయి తల మీద గొడుగులా పట్టింది.

మెట్లు అయిపోయాయి. కాళ్ల కింద ఇసుక. ఎదురుగా కరీబియన్ సముద్రం, ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చగా, లోపలికి పోనుపోను నీలంగా. వెనక్కి తిరిగితే జలపాతం.

మనం చూసిన జలపాతాల లాంటిది కాదిది. ఎత్తు నుంచి ఒక్క దూకుగా పడదు. పైనుంచి కిందిదాకా అరుగులు అరుగులుగా, మెలికలు తిరుగుతూ, ఒక్కో అరుగు దగ్గర కాసేపు మడుగు కట్టి, దాని అంచు పొర్లి కింది అరుగు మీదికి జారుతూ వస్తుంది. మొత్తం ఎత్తు 180 అడుగులు, పారే పొడవు 600 అడుగులు. అంటే నిట్టనిలువు కాదు, ఏటవాలు. ఆ ఏటవాలు మీద ఇప్పటికే జనం వరసలు వరసలుగా ఉన్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, నడుము వంచి, నీళ్లలో అడుగు తడుముకుంటూ కదులుతున్నారు. చివరి అరుగు దిగిన నీళ్లు ఇసుకలో పాయలుగా చీలి మా పాదాల మధ్య నుంచే వెళ్లి సముద్రంలో కలుస్తున్నాయి. పెద్ద జలపాతం తిన్నగా సముద్రంలో కలిసే చోట్లు ప్రపంచంలో ఎక్కువ లేవు. ఒక పాదం ఏట్లో, ఒక పాదం అలలో పెట్టి నిలబడ్డాను. ఏటి నీళ్లు చల్లన, సముద్రం వెచ్చన.

గైడు మా గుంపును చుట్టూ నిలబెట్టాడు. పొడుగ్గా, నిదానంగా ఉన్న కుర్రవాడు. చేసేపనిని వేలసార్లు చేసినవాడి తీరు అతని నిలబడటంలోనే తెలుస్తోంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగాడు, కాగితం చదివినట్టు కాదు.

నాయన నిర్ణయం అక్కడికక్కడే అయిపోయింది. ఆయనకు గుండెలో స్టెంటు వేశారు. "నేను మెట్ల మీద వస్తా. మీ సామాన్లు నాకియ్యండి" అని చెయ్యి చాపాడు. జలపాతం పక్కనే పైదాకా మెట్లున్నాయి, మధ్యమధ్యలో నిలబడి చూసే కట్టడాలున్నాయి. ఫోన్లు, అద్దాలు, చెప్పులు అన్నీ ఆయన సంచిలోకి పోయాయి.

అందరి చూపూ అమ్మ మీదికి తిరిగింది.

"అత్తయ్యా, మీరు కూడా మామయ్యతో మెట్ల మీద రండి. ఏం పర్లేదు" అన్నాడు మా ఆయన.

"అమ్మమ్మా, ప్లీజ్, రా!" అంది మా అమ్మాయి.

"మోకాలి నొప్పి పెట్టుకోని నీకేంటికే ఇదంతా" అన్నాడు నాయన.

నా నోట్లోనూ ఒక మాట ఉంది. టికెట్టు కొన్నప్పుడు ఆమె తరఫున నేనే సరేనన్నాను కాబట్టి, ఇప్పుడు ఆమె తరఫున వద్దనడం కూడా నా పనే అనిపిస్తోంది. అప్పుడు అమ్మ అంది: "అందరూ ఒక నిమిషం ఊరకుండండి. నన్ను నీళ్లు చూడనీండి."

ఆమె చూడటం నేను చూశాను.

అమ్మ పుట్టింది తలకోనకు దగ్గరి పల్లెలో. శివరాత్రికి సిద్ధేశ్వరస్వామి గుడికి, ఎండాకాలం చుట్టాలొస్తే జలపాతానికి, చిన్నప్పటి నుంచీ ఆ అడవిలో తిరిగిన మనిషి. తలకోన నీళ్లు 270 అడుగుల నుంచి పడతాయి. దాన్ని ఎక్కాలని ఎవరూ అనుకోరు. కింద నిలబడి తల తడుపుకుని దండం పెట్టుకుని వస్తారు. కానీ ఆ కింద నిలబడే చోటికి పోవాలన్నా తడి బండల మీదే పోవాలి. అక్కడ నేర్చుకున్న చూపు ఇప్పుడు ఈ నీళ్ల మీద పనిచేస్తోంది. ఆమె పైకి చూడటం లేదు. అందరూ ఫొటోల కోసం పైకే చూస్తున్నారు. అమ్మ మొదటి అరుగును, దాని అంచును, అంచు దిగే నీటి దళసరిని చూస్తోంది. ఎక్కుతున్న జనంలో ఎవరి మోకాలు దాకా నీళ్లొస్తున్నాయో చూస్తోంది. తర్వాత పక్కకు తిరిగి మెట్లు ఎక్కడెక్కడ నీళ్లకు దగ్గరగా వస్తున్నాయో చూసింది.

"మధ్యలో బయటపడేదానికి దోవ ఉందా, అడుగు ఆ అబ్బాయిని."

అడిగాను. ఉంది, ఒకచోట కాదు, కొన్నిచోట్ల ఉంది, ఎప్పుడు చాలనుకుంటే అప్పుడు చెయ్యెత్తితే తానే మెట్ల దగ్గరికి దాటిస్తానన్నాడు. ఎక్కేసిన దారినే దిగడం మాత్రం కుదరదన్నాడు. నీళ్లలో ఎక్కడం కన్నా దిగడం కష్టం. పైగా వెనకాల ఎక్కేవాళ్లుంటారు.

"వర్షం పడిందా పైన?"

పడలేదన్నాడు. ఈ ఏరు ఎక్కువగా ఊటలతో పారేదని, అందుకే ఎండాకాలంలోనూ ఆగదని చెప్పాడు. అమ్మ వంగి అరచేత్తో నీళ్లు తీసి చూసింది. అడుగున ఇసుక రేణువు కూడా కనబడేంత తేటగా ఉన్నాయి.

ఇక్కడ ఆ రాయి గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కాలా వద్దా అన్నది సగం దాని మీదే ఆధారపడింది. దీన్ని ట్రావర్టిన్ అంటారు. సున్నపురాయి కొండల్లోంచి వచ్చే నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. అంచుల మీద నీళ్లు చెదిరి నురగలైనప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది, కరిగిన సున్నం రాయిగా పేరుకుంటుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పొక్కు ఉంటుందే, అదే సరుకు. మామూలు జలపాతం తన రాయిని తానే అరగదీస్తుంది, డన్స్ రివర్ తన రాయిని తానే కట్టుకుంటుంది. ఈ అరుగులన్నీ అలా కట్టినవే, ఇవాళ కూడా పెరుగుతున్నాయి. కొత్తగా పేరుకున్న రాయి గరుకుగా ఉంటుంది, కాలు పడుతుంది. థాయిలాండ్‌లో చియాంగ్ మాయ్ దగ్గరి బువా తోంగ్ జలపాతాన్ని జనం ఉత్త కాళ్లతో ఎక్కేస్తారంటే కారణం ఈ సున్నపు పొరే. అయితే డన్స్ రివర్‌లో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నీళ్లు మందంగా కదిలే పక్కల్లో, నీడ పడే సందుల్లో పాచి పడుతుంది. లక్షల పాదాలు తొక్కి నున్నబడిన చోట్లూ ఉన్నాయి.

అమ్మకు ఈ రసాయనం చెప్పలేదు. ఆమె బూటు అడుగుతో మొదటి రాయిని ముందుకీ వెనక్కీ రుద్ది చూసింది. తర్వాత పక్కన ఆకుపచ్చగా మెరుస్తున్న చోట రుద్దింది. కాలు సర్రున జారింది. రెయిలింగ్ పట్టుకుని నవ్వింది.

"తెల్లగా పారేచోట పట్టు ఉంది. పచ్చగా నిలబడినచోట లేదు. సరే, ఎక్కుతా. కానీ యాడ చాలంటే ఆడ ఆపాల. ఎవరూ ఇంకొంచెం, ఇంకొంచెం అనగూడదు."

"అలిపిరి మెట్లెక్కినదానికి ఇదెంత లేమ్మా" అన్నాను ధైర్యం చెబుదామని. తిరుమలకు నడిచి పోయే 3,550 మెట్లు ఆమె ఎక్కని ఏడాది లేదు, మోకాలు మొరాయించేదాకా.

"అది వేరే, ఇది వేరే. ఆ మెట్లు కదలవు" అంది.

గొలుసు కట్టారు. ముందు గైడు, అతని చెయ్యి అమ్మకు, అమ్మ రెండో చెయ్యి నాకు, నాది మా అమ్మాయికి, ఆమె వెనక మా ఆయన, ఆ వెనక తెలియనివాళ్లు. ఈ గొలుసు సంగతి మీద నాకొక అభిప్రాయం ఉంది. ఫొటోలో చాలా బాగుంటుంది. భయపడేవాళ్లకు ధైర్యమిస్తుంది. కానీ ఒకరు జారితే పక్కవాళ్లను కూడా లాగుతారు. రెండు చేతులూ ఇతరుల చేతుల్లో ఉంటే రాయి పట్టుకోవడానికి ఏదీ మిగలదు. మా గైడు మంచివాడు. కష్టమైన అరుగు రాగానే చెయ్యి వదిలించి "రాయి పట్టుకోండి" అంటున్నాడు. తేలికైన చోట మళ్లీ కలుపుతున్నాడు. అలా చెప్పని గైడు దొరికితే మీరే వదిలించుకోండి, మర్యాద తక్కువేమీ కాదు.

మొదటి అడుగు. చన్నీళ్లు పిక్కల దాకా ఎక్కాయి, ఒళ్లు ఝల్లుమంది. రెండో అడుగు. నీళ్లు తొయ్యడం ఇప్పుడు తెలుస్తోంది. ఒడ్డున నిలబడి చూసినప్పుడు అంత బలం ఉంటుందని అనిపించదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, అందుకే అరుగు మధ్యలో తేలిగ్గా ఉన్న నీళ్లు అంచు దగ్గరికి వచ్చేసరికి కాలిని పక్కకు నెట్టేస్తాయి. అమ్మ పాదాలనే చూస్తున్నాను. ఎడమ కాలు ఎత్తదు. ముందు కుడికాలు ఎత్తి, నీళ్ల కింద రాయి మీద ఆనించి, మడమ కొంచెం అటూ ఇటూ తిప్పి, అది కదలదని తేలాక బరువు దాని మీదికి మారుస్తుంది. ఆ తర్వాతే ఎడమకాలు వచ్చి పక్కన చేరుతుంది. పసిపిల్లలు మెట్లెక్కినట్టే, ఒక్కో అరుగుకు రెండు కాళ్లూ చేరితే గానీ పైదానికి పోదు. వెనకాలవాళ్లు ఆగవలసి వస్తోంది. ఆగనీ.

గైడు అప్పుడప్పుడు వెనక్కి తిరిగి తన పాదం పెట్టిన చోటును వేలితో చూపిస్తున్నాడు. అక్కడే పెట్టమని. అమ్మకు అతని ఇంగ్లీషు అర్థం కాదు, అతనికి అమ్మ తెలుగు అర్థం కాదు. "ఉండు నాయనా, వస్తాండా" అంటుంది ఆమె. "యా మాన్" అంటాడు అతను. వాళ్లిద్దరికీ మధ్యలో నేను అనువాదం మానేసి కాసేపయింది.

నాలుగైదు అరుగులయ్యాక ఒక మడుగు. నడుము లోతు, అడుగున నున్నటి ఇసుక. గుంపంతా అందులో దిగి అరుస్తోంది, నీళ్లు చిమ్ముకుంటోంది. మా అమ్మాయి ఒక చిన్న ధార కింద తల పెట్టి ఊపిరాడక బయటికొచ్చి, మళ్లీ పెట్టింది. అమ్మ మడుగు అంచున బండకు ఆనుకుని నిలబడింది. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుంది. బొట్టు చెరిగి ముక్కు మీదికి కారింది. ఎప్పుడూ చూడని మొహం అది. పెళ్లికి ముందు తలకోనలో ఆమె ఎలా ఉండేదో నాకు తెలియదు గానీ, ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఆమేనేమో.

పైన కట్టడం మీద నిలబడి నాయన చెయ్యి ఊపుతున్నాడు. అమ్మ చూసింది, చెయ్యి ఊపింది, వెంటనే ఆ చెయ్యి మళ్లీ బండ మీద పెట్టేసింది.

మళ్లీ ఎక్కుడు. ఇక్కడి నుంచి అరుగులు ఎత్తుగా ఉన్నాయి. నీళ్లు రెండు బండల మధ్య ఇరుకులోంచి దూకుతున్నాయి. ఒకచోట గైడు మోకాలు వంచి తన తొడ మీద కాలు పెట్టి ఎక్కమన్నాడు. అమ్మ పెట్టింది. పైకి తేలింది. దాని తర్వాతి అరుగు దగ్గర కుడికాలు ఆనించింది, మడమ తిప్పింది, బరువు మార్చబోయి ఆగింది. ఆమె చేతిలో నా చెయ్యి ఉంది కాబట్టి వణుకు నాకు తెలిసింది. చలికి వచ్చే వణుకు కాదు. తొడలోంచి వస్తోంది.

"చాలు" అంది.

ఎవరో వెనకనుంచి ఇంకా కొంచెమే ఉంది, రండి అని ప్రోత్సహించారు. మంచితనంతోనే అన్నారు. అమ్మకు ఆ భాష తెలియకపోవడం మంచిదైంది. నేను చెయ్యెత్తాను. గైడు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. గొలుసును ఆపి, అమ్మ మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి, లోతు తక్కువగా ఉన్న పక్కకు అడుగు అడుగుగా దాటించి మెట్ల మీద నిలబెట్టాడు. నాయన అప్పటికే తువ్వాలతో అక్కడికి దిగి వచ్చేశాడు.

నేను కూడా దిగిపోదామా అని ఒక్క క్షణం ఆలోచించాను. అమ్మ కనిపెట్టింది. "నువ్వు పోమే. బిడ్డ చెయ్యి వదలద్దు. పైన కలుస్తాం" అంది తల తుడుచుకుంటూ. ఆమె గొంతులో చిన్నబుచ్చుకున్నతనం ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. బ్రెడ్డు ముక్కలు ఏ జేబులో పెట్టారని నాయనను అడుగుతోంది.

మిగతా దారి త్వరగానే చెప్పేస్తాను. రెండు మడుగులు, ఒక జారుడు బండ, బోలెడు కేకలు, ఒకచోట మా ఆయన బూటు ఊడి కొట్టుకుపోతే వెనకాల ఎవరో పట్టుకుని అందించారు. పైకి పోయేకొద్దీ ధార పరచుకుంటుంది, తేలికవుతుంది. అన్ని మలుపుల్లోనూ తలెత్తితే మెట్ల మీద అమ్మా నాయనా కనబడుతున్నారు. మాకన్నా ముందే పైకి చేరి, రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి మమ్మల్ని చూస్తున్నారు. మొత్తం ఎక్కుడుకు గంటకు పైనే పట్టింది. ఆ తర్వాత బయటికి పోయే దారి చేతిపనుల అంగళ్ల మధ్య నుంచి పోతుంది, చెక్కబొమ్మలు, పూసలు, రంగుల టోపీలు. మేం ఎక్కుతుండగా వీడియో తీసినతను కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. 1962లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ సినిమా డాక్టర్ నోలో ఈ జలపాతం ఉందని చెప్పాడు. నాయన తన కాలేజీ రోజుల్లో చూశానన్నాడు ఆ సినిమా.

బస్సులో అమ్మను అడిగాను, ఇంకో పది అడుగులు ఎక్కి ఉండాల్సిందని అనిపించిందా అని.

"అనిపించలా. మొదటిచోట చూసినా, పోవచ్చు అనిపించె. మడుగుకాడ చూసినా, ఇంకొంచెం పోవచ్చు అనిపించె. ఆ మూడోచోట కాలు వద్దనింది. అంతే." తర్వాత, "ఆ అబ్బాయికి ఏమన్నా ఇచ్చినారా?" అని అడిగింది. ఇచ్చామన్నాను. ఎంత అని అడిగి, ఇంకొంచెం ఇచ్చి ఉండాల్సింది అంది.

చోటు చోటుకూ చూశానన్న ఆమె మాటతో నాకు స్పష్టమైంది, ఒడ్డున నిలబడినప్పుడు మేమందరం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నామని: ఎక్కుతుందా, ఎక్కదా. ఆమె మాత్రం దాన్ని అరుగు అరుగుకూ అడుగుతూ పోయింది. అలా అడగడానికి వీలున్న జలపాతం అది. పక్కన మెట్లున్నాయి. ముందు నడిచే మనిషికి ప్రతి రాయీ తెలుసు. పైన వాన పడలేదని చెప్పగలడు. చాలన్న మాటకు విలువిస్తాడు. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా అమ్మ మొదటి అడుగే వేసేది కాదని నా నమ్మకం.

మన దగ్గర జలపాతాల్లో చాలావాటికి అవి లేవు. ఆదిలాబాద్ అడవుల్లో కడెం వాగు మీద కుంటాల, ములుగు జిల్లాలో బొగత, మన్యంలో పేరు లేని ఎన్నో ధారలు, వానాకాలం రాగానే కుర్రాళ్లు బండ్లేసుకుని పోతారు. అవి ఎక్కే జలపాతాలు కావు. రాయి సున్నపు అరుగు కాదు, నీళ్లు అరగదీసి నునుపెక్కించిన బండ. మీరు నిలబడిన చోట ఎండ కాస్తున్నా ఎగువన అడవిలో వాన పడితే కాసేపటికి వాగు మీ మీదికి వస్తుంది. వేగంగా పారే నీళ్లు ఆరు అంగుళాలుంటే చాలు, పెద్దమనిషిని పడగొట్టగలవని అమెరికా వాతావరణ శాఖ ఏటా హెచ్చరిస్తుంది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా, చప్పుడు ఒక్కసారిగా పెరిగినా ఫొటో సంగతి మరిచిపోయి గట్టెక్కండి. అక్కడ కంచె వేసి బోర్డు పెట్టారంటే అంతకుముందు ఎవరి ఇంట్లోనో ఏడుపు వినబడి ఉంటుంది. ఆ కంచె దాటకండి.

డన్స్ రివర్ దాకా పోయేవాళ్లకు ఒక మాట. బూట్లు ఓడ ఎక్కకముందే కొనుక్కోండి, కాలికి బిగుతుగా ఉండేవి. అవి లేకుండా ఎక్కనివ్వరు. కళ్లద్దాలకు తాడు కట్టుకోండి. గుండెకు వైద్యం చేయించుకున్నవాళ్లు నాయన చేసిన పనే చెయ్యండి, మెట్ల మీద నుంచి కూడా ప్రతి అరుగూ కనబడుతుంది. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే, టికెట్లు కొనే రోజున వాళ్ల తరఫున మీరు ఎక్కుతామని గానీ ఎక్కమని గానీ చెప్పకండి. ఇసుక మీద నిలబెట్టి, కాసేపు ఎవరూ మాట్లాడకుండా, వాళ్లను నీళ్లు చూడనివ్వండి. ఎక్కడ చాలంటే అక్కడ చెయ్యెత్తండి.